జరగని దొంగతనాలు

రెండువేల మూడులో పైఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గత పదేళ్లలో స్టేషన్‌కు వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని అబద్ధమని తేలాయో లెక్క తీసి పంపాలట. ముదిగుబ్బ దిక్కున ఉన్న ఆ చిన్న స్టేషన్‌లో రాతకోతలన్నీ హెడ్ కానిస్టేబుల్ శామ్యూల్‌వే.

పాత రిజిస్టర్ల దుమ్ము దులిపి కూడితే వందకు ఇరవై రెండు తేలింది.

"చూడప్పా శామ్యూలూ, ఈ జనం ఎన్ని అబద్ధాలాడుతాండారో!" అని ఎస్సై పకపకా నవ్వాడు. శామ్యూల్‌కు నవ్వు రాలేదు. అందులో సగం అబద్ధాలు తన చేతి రాతే.

ఆ పద్ధతి చెప్పుకుంటే సిగ్గుచేటు. నెలకోసారి పెనుకొండలో మీటింగు. దొంగ దొరకని కేసులు ఎక్కువుంటే నలుగురిలో చీవాట్లు. అసలు దొంగతనమే జరగలేదని రాసేస్తే కేసూ ఉండదు, చీవాట్లూ ఉండవు.

వాటిలో ఒకటి మాత్రం ఆయన్ను తినేస్తోంది. తొంభై ఆరులో గంగాదేవి అనే ఒంటరి మనిషి తన ఆరు గొర్రెలు ఎవరో తోలుకుపోయారని ఏడుస్తూ వచ్చింది. దొంగ దొరకలేదు. ఆమే ధర్మవరంలో అమ్ముకుని దొంగ ఏడుపులు ఏడుస్తోందని శామ్యూల్ రాశాడు. ఊళ్లో ఇద్దరి చేత సాక్షి సంతకాలూ పెట్టించాడు. ఆ తర్వాత ఊరంతా ఆమెను అబద్ధాల గంగి అంది. ఆదివారం చర్చిలో మోకరిల్లితే ఆయనకు ఆ పేరే చెవుల్లో మోగుతుంది.

ఈ లెక్క పైఆఫీసుకు పోయేలోగా ఆ ఒక్కటైనా దిద్దాలనుకున్నాడు. ఆమె మళ్లీ ఫిర్యాదు రాసిస్తే, తప్పు తనదేనని ఒప్పుకుంటాడు. ఉద్యోగం పోతే పోనీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తనను తానే తిట్టుకుంటూ ఆ ఊరి బస్సెక్కాడు.

గడపలో కూర్చున్న గంగాదేవి ఖాకీని చూడగానే లేచి నిలబడింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేనమ్మా. అబద్ధం రాసింది నేను. మళ్లా రాసిస్తావా?"

"వద్దు సామీ. అప్పుడు బుద్ధిలేక వచ్చినా."

ఆమె వెనక తలుపు మీద ఆయన చూపు పడింది. గొళ్లెం పెరికేసి ఉంది. చీలిన చెక్క ఇంకా తెల్లగా ఉంది. పక్కన గొర్రెల దొడ్డిలో పెంటికలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, గొర్రె ఒక్కటీ లేదు.

"ఇది ఎవరు చేసినారమ్మా? ఎప్పుడు?"

"గాలికి ఊడినాది సామీ." ఆమె చేతులు జోడించింది. "ఏమీ పోలేదు. నాకు యాపొద్దూ ఏమీ పోలేదు. పోయి రాండి."

ఆమె రాసిస్తుందని తెచ్చిన తెల్లకాగితాన్ని శామ్యూల్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏనాడూ అబద్ధమాడని మనిషికి అబద్ధం నేర్పింది తానే.