గవర్రాజు పథ్యం గిన్నె

నేను ఒక ఇత్తడి గిన్నెను. మూత ఉన్న గిన్నెను. మూత సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కథంతా ఆ మూత చప్పుడు మీదే నడిచింది.

పుట్టింది అజ్జరంలో. అక్కడ నన్ను కరిగించి, పోతపోసి, అరగదీసి, పొట్టకు మెరుగు పెట్టారు. లోపల తెల్లగా కళాయి పూశారు. పేరిందేవి అనే ఆవిడ కాపురానికి వస్తుంటే పుట్టింటివాళ్లు నన్ను కొని, కొట్లోనే నా మీద ఆవిడ పేరు కొట్టించారు. మన ఇళ్లలో గిన్నె మీద పేరు లేకపోతే ఆడవాళ్లకు నిద్రపట్టదు కదా! ఒకరింటి పెళ్లికి వెళ్లి ఇంకొకరి వంటింట్లో తేలిన గిన్నెలు ఎన్ని లేవు? ఉలితో చుక్కలు చుక్కలుగా పొడుస్తుంటే ప్రాణం పోయినంత పనైంది గానీ, ఆ తరవాత నాకంటూ ఒక మనిషి ఉందన్న ధైర్యం వచ్చింది. పేరిందేవి తన కోడలు మంగతాయారుకు వంటిల్లు అప్పగించిన ఏడాది, ఆ పేరు కింద రెండో పేరు పడింది.

సామర్లకోటలో మా వీధి మొత్తానికి మంగతాయారు పథ్యం వంటకు పెట్టింది పేరు. బాలింతలకు, జ్వరం తగ్గినవాళ్లకు, ఆపరేషను చేయించుకుని వచ్చినవాళ్లకు బీరకాయ కూర, పెసరకట్టు, జావ అన్నీ నాలోనే తయారయ్యేవి. పచ్చిది అంటే మాత్రం ఆవిడకు అస్సలు పడదు. జామకాయ కోసి ఇచ్చినా కడుపునెప్పి వస్తుందంటుంది. ఆవిడ భర్త సూర్యచంద్రరావు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. వందమందిని గదమాయించి వెనక్కి జరిపిన ఆ మనిషి, పచ్చి ఉల్లిపాయ ముక్క కొరకాలంటే వీధి అరుగు మీదికి వెళ్లి దొంగతనంగా కొరుక్కోవాల్సిందే.

అలాంటి ఇంటికి వచ్చి పడ్డాడు గవర్రాజు.

మేడ మీద అద్దెకున్న బ్యాంకు దంపతులకు ఎక్కడో ఉత్తరాదికి బదిలీ అయింది. అంత దూరం తీసుకెళ్లలేమంటూ వాళ్లు పెంచుకున్న గినీ పిగ్గును మా ఇంట్లో అప్పగించారు. ఎలకకంటే పెద్దది, కుందేలుకంటే చిన్నది, తోక లేదు, ఒళ్లంతా గోధుమరంగు బొచ్చు. వాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరు సూర్యచంద్రరావుకు నోరు తిరగలేదు. చనిపోయిన తన మేనమామ మొహంలాగే ఉందని గవర్రాజు అని పిలవడం మొదలుపెట్టాడు. వెళ్లేటప్పుడు ఆ బ్యాంకు అమ్మాయి, "పచ్చి ఆకులూ గడ్డీ పెట్టండి పిన్నిగారూ" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మంగతాయారు బుద్ధిగా తల ఊపింది. ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో, "అంత బుల్లి పొట్టకి పచ్చివేం అరుగుతాయండీ? ఆ పిల్లకేం తెలుసు పాపం" అంటూ నన్ను పొయ్యి ఎక్కించింది.

క్యారెట్టు, బీరకాయ, తోటకూర మెత్తగా ఉడికించి, చల్లార్చి, నాతోనే తీసుకెళ్లి వాడి ముందు పెట్టేది. నా మూత తీసిన చప్పుడు వినగానే గవర్రాజు ముందుకాళ్లు ఎత్తి, కువీ కువీమని ఇల్లంతా మోగేట్టు ఈల వేసేవాడు. నా సంతోషం ఏమని చెప్పను! ఇన్నేళ్లుగా నా మూత తీస్తూనే ఉన్నారు. ఇవాళ కూడా ఇదేనా అని మొహం మాడ్చుకున్నవాళ్లే అందరూ. పథ్యం గిన్నె చప్పుడుకు కేరింతలు కొట్టిన మొదటి ప్రాణి వాడే.

కొన్ని వారాలు గడిచేసరికి ఆ ఈల సన్నబడింది. వాడు మూలకు ఒదిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. వెనక కాళ్లు ఈడ్చేవాడు. ఎత్తుకోబోతే నెప్పితో అరిచేవాడు. బొచ్చు రేగిపోయింది, గడ్డం తడితడిగా ఉండేది. మంగతాయారుకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఇంకాస్త మెత్తగా ఉడికించింది. అదీ తినకపోతే మరికాసేపు ఉడికించి, గుడ్డలో వడగట్టి, రసం చేసింది. వాడి జబ్బు పెరిగినకొద్దీ నా కింద మంట పెరిగింది.

ఒకరోజు పొద్దున ఆవిడ నా మూత తీసింది. ఈల లేదు. మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. గవర్రాజు కళ్లు తెరిచి చూశాడు గానీ నోరు మెదపలేదు.

"ఏవండీ, వీణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. లెగండి."

"పశువులాసుపత్రిలో గేదెల్ని చూస్తారే. వీణ్నేం చూస్తారు?"

"గేదెకైనా వీడికైనా నెప్పి నెప్పేనండి. ముందు చొక్కా తొడుక్కోండి."

టమాటాల బుట్టలో పాత తువ్వాలు పరిచి వాణ్ని పడుకోబెట్టారు. దారిలో ఆకలేస్తుందేమోనని నాలో ఉడికించిన కూర నింపి, మూతకు గుడ్డ కట్టి సంచిలో పెట్టారు. అలా జన్మలో మొదటిసారి నేను ఆసుపత్రి చూశాను.

వరండా నిండా గేదెలు, మేకలు. వరసలో ముందున్న పాల ఆసామి బుట్టలోకి తొంగిచూసి, "పూటకెన్ని లీటర్లిస్తాదండి ఇది?" అన్నాడు. అందరూ నవ్వారు. మంగతాయారు నవ్వలేదు. కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి గతుక్కుమన్నాడు. తన గేదెను పక్కకు లాగి, "తప్పైపోయిందండి. ముందు మీరెళ్లండమ్మగారూ" అన్నాడు. అతని పేరు నాకు తెలియదు. ఎక్కడున్నా అతని పాడి చల్లగా ఉండాలి.

డాక్టరు హైమవతి అప్పుడే ఒక దూడకు కట్టు కట్టి చేతులు కడుక్కుంటోంది. గవర్రాజును ఒళ్లోకి తీసుకున్నట్టే తీసుకుని, పెదవి తప్పించి చిగుళ్లు చూసింది. కీళ్లు తడిమింది. వాడు కీచుమన్నాడు.

"ఏం పెడుతున్నారమ్మా తిండి?"

"తెచ్చానండి, చూడండి" అని మంగతాయారు కాస్త గర్వంగానే నా మూత తీసింది.

డాక్టరమ్మ లోపలికి చూసి, వేలితో కొంచెం తీసి నలిపింది. "ఇదెవరికండీ? బాలింతకా?"

"వీడికేనండి. పచ్చిది ఒక్క ముక్క కూడా పెట్టలేదండి."

"అదేనమ్మా వచ్చిన చిక్కు. మనలాగే వీటికీ సి విటమిన్ ఒంట్లో తయారవదు. పచ్చి ఆకుల్లోంచీ పళ్లల్లోంచీ రావాలి. ఇంతింతసేపు ఉడకబెడితే అందులో ఇంకేం మిగుల్తుంది? అందుకే చిగుళ్లు వాచాయి, కీళ్లు పట్టేశాయి. ఇంకొన్నాళ్లు ఆగుంటే చేతికి దక్కేవాడు కాదు."

మంగతాయారు గబుక్కున నా మూత పెట్టేసింది. "అయితే నేనే చంపుకునేదాన్నాండీ?" అంది. ఆ మాటకు నా గుండె, గిన్నెకు గుండె ఉంటే, జారిపోయింది. వీధిలో అంతమందిని లేపి నిలబెట్టిన వంట మాది. అది ఒకరికి విషమవుతుందని మాకేం తెలుసు!

డాక్టరమ్మ ఒక్క మాట కూడా మందలించలేదు. సూది లేని సిరంజితో వాడి నోట్లో మందుచుక్కలు వేస్తూ, "ఇంత శ్రద్ధగా వండిపెట్టేవారికి, వండకుండా పెట్టడం ఏం కష్టమమ్మా?" అంది. కొత్తిమీర, పచ్చిగడ్డి, జామముక్క, క్యాప్సికం ముక్క పెట్టమంది. నెప్పి తగ్గేదాకా ఏం చెయ్యాలో, సిరంజి ఎలా పట్టుకోవాలో చేయించి మరీ చూపింది. చదువుకున్నవాళ్లు ఇలా కూడా మాట్లాడతారని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికి రాగానే మంగతాయారు నన్ను తోమి బోర్లించింది. ఇక నాతో పని లేదేమోనని బెంగపడ్డాను. కాసేపటికి తిరగేసి, కడిగిన కొత్తిమీర కట్ట విప్పి నాలో వేసింది. ఇన్నేళ్లలో వేడి తగలకుండా నాలో తిండి పడటం అదే మొదలు. ఆకుల తడి నా అడుగున చల్లగా తగిలితే ఏం చెయ్యాలో తోచలేదు. ఆవిడా అంతే. పచ్చి జామముక్క వాడి ముందు పెట్టి, చెయ్యకూడని పనేదో చేసినట్టు కళ్లు మూసుకుంది.

మందు వేయడం, మూత తీయడం, చెవి వొగ్గి వినడం. రోజూ ఇదే. వాడు ముందు ఆకు కొన నమిలాడు. తరవాత కాడ లాక్కున్నాడు. కానీ ఈల మాత్రం లేదు. ఒక సాయంత్రం ఆవిడ పెరట్లో నా మూత తీసిందో లేదో, లోపలి గదిలోంచి కువీమని వినబడింది. సన్నగా, తడబడుతూ. "ఏవండోయ్, విన్నారా!" అని ఆవిడ మూత చేత్తో పట్టుకునే పరుగెత్తింది. సూర్యచంద్రరావు అరుగు మీంచి వచ్చాడు. చేతిలో ఉల్లిపాయ ముక్క దాచుకోవడం మరిచిపోయాడు. ఆవిడ చూసి కూడా ఏమీ అనలేదు.

వీధివాళ్ల పథ్యానికి ఇప్పుడు ఇంకో గిన్నె ఉంది. నేను పొయ్యి దిగిపోయాను. మొన్న మంగతాయారు నన్ను సామాన్ల కొట్టుకు తీసుకెళ్లి, రెండు పేర్ల కింద మూడో పేరు కొట్టమంది.

"గవర్రాజు పేరా? వాడేం వండాడనే?" అని పక్కనే నిలబడి నవ్వాడు సూర్యచంద్రరావు.

"తిన్నాడు కదండీ" అంది ఆవిడ.

ఈసారి ఉలి పోటు నాకు నెప్పి అనిపించలేదు. ఇన్నాళ్లూ నా ఒంటి మీద వండినవాళ్ల పేర్లే ఉన్నాయి. తిన్నవాడి పేరు పడటం ఇదే మొదలు. ఆవిడ నన్ను సంచిలో పెట్టుకుని ఇంటి గుమ్మం ఎక్కుతుంటే, నా మూత కాస్త కదిలి చప్పుడైంది. లోపలి నుంచి గవర్రాజు అప్పుడే ఈల అందుకున్నాడు.