గుల్నార్‌లో ఒక రాత్రికి గది

మా ఆయన పేరు సాలోమోను. పేరుతోపాటు జ్ఞానం కూడా వస్తుందని పెట్టినవాళ్లు ఆశపడి ఉంటారు. చేవెళ్ల బడిలో లెక్కలు చెబుతారు, మా చర్చి సంఘానికి కార్యదర్శి కూడా. ఊరంతా ఆయన్ని సార్ అంటుంది కాబట్టి నేనూ సార్ అనే అంటాను. ఇరవై రెండేళ్ల కాపురంలో వేరే పిలుపు వెతుక్కునే తీరిక నాకు దొరకలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్లు మూతపడ్డాయి. పిల్లలు రోడ్ల మీదికి, పంతుళ్లు అరుగుల మీదికి చేరారు. మిగతా పంతుళ్లు పేకాడుకున్నారు, పొలాలు చూసుకున్నారు. మా సార్ మాత్రం ఇంట్లో కూర్చుని నన్ను చక్కదిద్దడం మొదలుపెట్టారు. ఉప్పు డబ్బా మీద ‘ఉప్పు’ అని కాగితం అంటించారు. ఇరవై రెండేళ్లుగా ఆ డబ్బాలో ఉన్నది ఉప్పేనని నాకు తెలియదు పాపం. కోళ్లను గంప కింద మూయడానికి ఒక వేళ నిర్ణయించారు. కోళ్లు ఒప్పుకోలేదు. ఇలా నాలుగు నెలలు గడిచేసరికి, తెలంగాణ ఎప్పుడొస్తుందా అని ఊళ్లో అందరికంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషిని నేనే అయ్యాను.

జూలైలో ఒక పొద్దున కుర్మయ్య మా వాకిట్లో ఆగాడు. చేవెళ్ల నుంచి పట్నానికి కూరగాయల గంపలు తీసుకుపోతుంటాడు.

“సారమ్మక్కా, మీ మాణిక్యం కనవడ్డడు” అన్నాడు గొంతు తగ్గించి. “ఆబిడ్స్ కాడ గుల్నార్ అని చిన్న హోటల్ ఉన్నది. మీద ఉండనీకి గదులు, కింద చాయ్, పలావు. పొద్దుగూకంగ ఫిడేల్ వాయిస్తుండు. జనం చాయ్ చల్లారవెట్టుకొని మరీ ఇంటుండ్రు.”

“మంచిగున్నడా?”

“బక్కగైండు. కర్ఫ్యూలకు గిరాకీ లేక, ఈ నెల తోని పాట బంద్ జేస్తుండట సేటు. మీ తమ్ముడు బొంబాయి పోతుండట. పోతే ఇగ రానని అన్నడక్కా.”

మాణిక్యం నా తమ్ముడు. అమ్మ పోయాక వాణ్ని నేనే పెంచాను. మా గుడిలో ఫిడేలు వాడే వాయించేవాడు. ఆరేళ్ల కిందట పట్నంలో వేరే ఒక హోటల్లో వాయించడానికి కుదిరాడు. దేవుని పాట వాయించిన చేత్తో హోటల్లో వాయించడమేమిటని సంఘం పెద్దలు అయిదుగురూ కూర్చున్నారు. అందులో ఒకాయన కల్లు కాంపౌండ్ నుంచి నేరుగా కూటానికి వచ్చాడు, అది వేరే సంగతి. మాణిక్యం పేరు సంఘం పట్టీలోంచి కొట్టేశారు. ఆ ఉత్తరం రాసింది సార్. ‘ఇకమీదట సంఘస్థుల ఇండ్లలోనికి రాకూడదు’ అన్న మాట కూడా అందులో ఉంది. మా ఇల్లు కూడా సంఘస్థుల ఇల్లే కదా.

ఇక్కడ నా భాగం చెప్పాలి. సార్ చేతిరాత పోస్ట్‌మన్‌కు అర్థం కాదు. అందుకని ఆయన ఉత్తరాలన్నిటికీ కవరు మీద అడ్రసు నేనే రాస్తాను, నేనే పోయి డబ్బాలో వేసి వస్తాను. ఆ ఉత్తరానికీ అంతే చేశాను. లోపల ఏముందో నాకు తెలుసు. తెలిసే రాశాను, తెలిసే వేశాను. అన్నం వండినంత మామూలుగా వేసి వచ్చాను. ఆ పని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. వాడు బొంబాయి పోయేలోపు ఒక్కసారి వాడి ఎదురుగా నిలబడి ఆ మాట ఒప్పుకోవాలి. వాడు వాయిస్తే వినాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

సార్‌కు చాలా రోజులుగా కళ్లు మసక. ఎంత చెప్పినా చూపించుకోరు. ఆ పూట నాకు ఆయన కళ్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

“పట్నం పోయి కండ్లు చూపించుకుందాం సార్. ఒక దినం చూసి మర్నాడు అద్దాలిస్తరట. దవాఖానకు దగ్గర్నే గుల్నార్ అని హోటల్ ఉన్నది. ఒక్క రాత్రి ఉందాం” అన్నాను.

“హోటల్లనా? చుట్టాలు లేరా మనకు?”

“కర్ఫ్యూల వాళ్లకే బియ్యం దొరుకుతలేవు. మనం పోయి తిని వద్దామా?”

ఆ మాట ఆయనకు న్యాయంగా తోచింది. ఇక చూడండి, నాలుగు నెలలుగా పని లేని మనిషికి పని దొరికింది. ఒక ఫైలు తెరిచారు. ప్రయాణ పత్రమని దానికి పేరు పెట్టారు. బస్సు ఆగిపోతే ఏం చేయాలి, కర్ఫ్యూ ముందే పెడితే ఏం చేయాలి, గదిలో కిటికీకి ఎంత దూరంలో నిలబడాలి, అన్నీ వరుసగా రాశారు. కుర్మయ్యను పిలిపించి హోటల్ గురించి అరగంట ప్రశ్నించారు. కుర్మయ్య మంచివాడు, నా వైపు చూసి ఫిడేలు మనిషి పేరు మింగేశాడు కానీ, సంగీతం సంగతి మాత్రం దాచలేకపోయాడు. దాంతో ప్రయాణ పత్రంలో ఇంకో వరుస చేరింది. ‘సాయంత్రం ఆరు నుంచి ఏడు: కింద సంగీతం. ఆ సమయమున గది తలుపు వేసుకొని ప్రార్థన.’

నాకూ ఒక ప్రయాణ పత్రం ఉంది, కాకపోతే కాగితం మీద లేదు. సరిగ్గా ఆరింటికి నాకు తలనొప్పి వస్తుంది. చాయ్ తాగితే తప్ప తగ్గదు. చాయ్ కిందే దొరుకుతుంది.

ఆదివారం పొద్దున పట్నంలోనే ఉంటాం కాబట్టి పాస్టరు గారి పరిచయ పత్రం కూడా తీసుకున్నారు. అది మా పద్ధతి. మా సంఘస్థుడు ఇంకో ఊళ్లో గుడికి పోతే, ఇతను మావాడే, మంచివాడే అని కాగితం చూపించాలి. మనిషిని చూస్తే తెలియదు కదా మరి. ఆఖరున హోటల్‌కు గది కోసం ఉత్తరం రాసి, అంటించిన కవరు నాకిచ్చారు. గుల్నార్ హోటల్ యజమాని గారికి అని అందంగా అడ్రసు రాశాను. డబ్బాలో వేసి, వచ్చేటప్పుడు దారి పొడుగునా కూనిరాగం తీశాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కాం. సార్ కిటికీ పక్కన కూర్చుని ఫైలు తెరిచి, హోటల్‌కు రాసిన ఉత్తరం నకలు నాకు చూపించారు. పైన సిలువ బొమ్మ, మా సంఘం పేరు. కింద కార్యదర్శి గుండ్రటి ముద్ర. మధ్యలో ఇలా ఉంది: ‘ప్రభువునందు ప్రియులైన యజమాని గారికి వందనములు. మా సంఘ కార్యదర్శియగు సాలోమోను గారును, మరియొకరును, శనివారము తమ హోటలునకు వచ్చి ఒక రాత్రి ఉండెదరు.’

“ఆ మరియొకరు నేనేనా?” అన్నాను.

“ఇంకెవ్వరు?”

“సరే. హోటల్ గదికి సంఘం కాగితం ఎందుకు సార్?”

“తెల్ల కాగితం మీద రాస్తే మనమెవ్వరమో వాళ్లకెట్ల తెలుస్తది?”

ఆ సేటుకు తెలుగు రాదని కుర్మయ్య చెప్పనే చెప్పాడు. తెలుగు ఉత్తరం వస్తే చదివి చెప్పేది ఎవరు? ఆ హోటల్లో తెలుగు చదవగలిగినవాడు మా మాణిక్యమే. ఆ సిలువ బొమ్మ, ఆ ముద్ర ఉన్న కాగితం వాడికి జీవితంలో ఒక్కసారే వచ్చింది. ఇప్పుడు రెండోసారి వస్తే, హోటల్ నుంచి కూడా పేరు కొట్టేయడానికి వస్తున్నారనుకోడా? ఈపాటికి వాడు బొంబాయి రైలెక్కి ఉంటాడు. ఆరేళ్ల తర్వాత కూడా వాణ్ని తరిమే ఉత్తరానికి నేనే అడ్రసు రాశాను. సార్ పక్కన కూర్చుని, దవాఖానలో వరుసలో ఎలా నిలబడాలో చదివి వినిపిస్తున్నారు. ఆయన్ని ఫైలుతో సహా కిటికీలోంచి తోసేద్దామా అనిపించింది.

మొయినాబాద్‌లో బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా రెండు ఎడ్లబండ్లు పెట్టి, యాభై అరవై మంది పిల్లలు జై తెలంగాణ అంటూ కూర్చున్నారు. వాళ్ల నాయకుడు అంజయ్య, మా సార్ దగ్గర చదువుకున్నవాడే.

“నమస్తే సార్. దిగుండ్రి. బస్సు ముందలికి పోదు.”

“అంజయ్యా, మా ప్రయాణంల మొయినాబాద్‌ల ఆగుడు లేదు” అన్నారు సార్ ఫైలు చూపించి.

“మా దాంట్ల ఉన్నది సార్. జర చాయ్ తాగుండ్రి.”

రోడ్డు పక్కనే రేకుల కప్పు కింద చాయ్ హోటల్. అక్కడ బెంచీ మీద కూర్చున్నాం. ఇంతలో పట్నం వైపు నుంచి కూడా ఒక బస్సు వచ్చి బండ్లకు అవతల ఆగింది. జనం దిగారు. అందరికంటే వెనక, చంకలో నల్లటి పెట్టెతో మాణిక్యం దిగాడు.

నేను బండ్ల సందులోంచి దూరి అవతలికి పోయాను. వాడు నన్ను చూశాడు, నా వెనక బెంచీ మీద సార్‌ను చూశాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

“అక్కా, బావ ఇక్కడున్నడేంది? హోటల్‌కు పోలేదా?”

“పోతున్నం. నువ్వేంది గిటు?”

“సేటుకు ఉత్తరం చదివి చెప్పింది నేనే. బావ, ఇంకొకలు వస్తున్నరని ఉన్నది. ఆ ఇంకొకలు పాస్టర్ సారేమో అనుకున్న. బావ పట్నంల ఉంటే ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటవు గద. ఆరేండ్లల్ల గసొంటి దినం ఇదొక్కటే దొరికింది. బొంబాయి పోయే ముందు నిన్ను చూసి పోదామని ఎల్లిన.”

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. నేను వాడి కోసం పట్నం పోతుంటే, వాడు నా కోసం చేవెళ్ల వస్తున్నాడు. ఎడ్లబండ్లు అడ్డం లేకపోతే రెండు బస్సులూ హారన్లు కొట్టుకుంటూ పక్కపక్క నుంచే పోయేవి.

రోడ్డు మీద కూర్చున్న పిల్లలకు పెట్టె మీద కన్ను పడింది. “ఫిడేలానే అన్నా? ఓ పాట వాయించు. పొద్దటి సంది అరిచి గొంతులు పోయినయి” అన్నాడు అంజయ్య.

మాణిక్యం బావ వైపు చూశాడు. సార్ ఫైలు వైపు చూసుకున్నారు. ఆరింటికి సంగీతం, గది తలుపు వేసుకోవడం అని అందులో ఉంది. అప్పటికి పదకొండే అయింది. పైగా మొయినాబాద్ రోడ్డుకు తలుపు లేదు.

వాడు ఎడ్లబండి కాడి మీద కూర్చుని వాయించాడు. అది గుడిలో పాటా కాదు, సినిమా పాటా కాదు. జొన్నలు విసురుతూ అమ్మ తనలో తాను తీసుకునే రాగం. దానికి మాటలు కూడా లేవు. తిరగలి తిరిగినంతసేపు సాగేది, పిండి అయిపోగానే ఆగేది. నేను రోడ్డు మీదే కూలబడి విన్నాను. పిల్లలు నినాదాలు ఆపేశారు. చాయ్ హోటల్ మనిషి గిన్నె దించేశాడు. గుల్నార్‌లో పాట ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, ఇంతకంటే బాగుండదు.

వాయించడం అయ్యాక వాడి పక్కన నిలబడ్డాను. “మాణిక్యం, అప్పటి ఆ ఉత్తరం డబ్బాల ఏసింది నేనేరా. లోపల ఏమున్నదో తెలిసే ఏసిన.”

“తెల్సక్కా” అన్నాడు. “కవరు మీద నీ అక్షరాలే గద.”

ఫిడేలు పెట్టె తెరిచి చూపించాడు. మూత లోపల, గుడ్డ అస్తరు కింద, ఒక కవరు ఉంది. అంచులు నలిగిపోయాయి. మాణిక్యం గారికి అని నా చేతిరాత.

“లోపలి కాగితం అప్పుడే చింపేసిన. కవరు ఉంచుకున్న. నీ చేతిరాత నా దగ్గర ఇంకోటి లేకుండె.”

ఆరేళ్లు నేను దాచుకున్న సిగ్గును వాడు తన పెట్టెలో నా గుర్తుగా దాచుకున్నాడు. నేను వాణ్ని పట్టుకుని, నా తెలివి తక్కువ బతుకంతా బయటికి వచ్చేటట్టు ఏడ్చాను.

కాసేపటికి అంజయ్య తీర్పు చెప్పాడు. ఏ బస్సూ బండ్లు దాటకూడదు, ఎటు నుంచి వచ్చింది అటే తిరిగిపోవాలి. జనం గట్టివాళ్లు, క్షణంలో ఉపాయం కనిపెట్టారు. పట్నం పోయేవాళ్లు నడిచి అవతలి బస్సెక్కుతున్నారు, చేవెళ్ల వచ్చేవాళ్లు ఇవతలికి వస్తున్నారు. సార్ ముఖం వెలిగింది.

“నడువు సారా, ఆ బస్సెక్కుదాం. గంటనే ఆలస్యం” అన్నారు. మాణిక్యం వైపు చూడకుండానే, “ఇంటికి రావాలంటే ఆయన సంఘానికి దరఖాస్తు పెట్టుకోవాలె. పెద్దలు కూసొని చూస్తరు” అని కూడా అన్నారు.

“మీరు పోండ్రి సార్” అన్నాను. “గది మీ పేరు మీదనే ఉన్నది, ముద్ర గూడ ఉన్నది. ఆరింటికి తలుపేసుకునే పని గూడ లేదు, వాయించేటోడు మన ఇంట్ల ఉంటడు.”

మాణిక్యాన్ని చెయ్యి పట్టుకుని చేవెళ్ల బస్సెక్కించాను. మేము ముందు సీట్లో కూర్చున్నాం. నేను వెనక్కి తిరగలేదు. ఇరవై రెండేళ్లలో సార్‌ను రోడ్డు మీద వదిలేసి బస్సెక్కడం అదే మొదలు. కండక్టర్ రెండుసార్లు బస్సును చరిచాడు. బస్సు కదలబోతుండగా ఎవరో ఎక్కి, చివరి సీట్లో కూర్చున్న చప్పుడైంది. ఫైలు తాడు ముడి విప్పిన చప్పుడు నాకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

మొయినాబాద్ దాటాక వెనక నుంచి గొంతు వినిపించింది.

“సారా, మన ప్రయాణం రద్దయిందని హోటల్‌కు ఉత్తరం రాయాలె.”

“రాయండ్రి సార్” అన్నాను. “కవరు మీద అడ్రసు మాత్రం ఇగ మీరే రాసుకోండ్రి.”