వాళ్ళ వంతు

తను స్టవ్ కట్టేసిందా లేదా, ఎర్ర క్యాబేజీ గిన్నె దించి పక్కన పెట్టినట్టు చేతికి గుర్తుంది కానీ మీట తిప్పినట్టు గుర్తు లేదు, ఇల్లు కాలితే కాలనీ, ముందు పిల్ల వేదిక మీదికి క్షేమంగా రావాలి, ఆ పొడుగు గౌను అంచు కాలికింద పడితే, కుట్టింది తనే కదా, ఇంకో వేలెడు పైకి మడిచి కుట్టాల్సింది, అదిగో వచ్చేసింది, పడలేదు, తన రికె, పదిహేడేళ్ళ పిల్ల, వయొలిన్ పట్టుకున్న ఆ చెయ్యి ఎంత పీలగా ఉందో, పొద్దున రొట్టె ముక్క కూడా కొరకలేదు, ఆనెగ్రెట్ రెండు బొటనవేళ్ళూ పిడికిళ్ళలో దాచి నొక్కిపట్టింది, తనవాళ్ళకి మంచి జరగాలంటే లైప్‌జిగ్‌లో ఏ తల్లయినా చేసేదే, ఇంతకుముందు గుమ్మంలో పిల్ల భుజం మీదుగా తోయ్ తోయ్ తోయ్ అని ఉమ్మినట్టు చేసి దిష్టి కూడా తీసింది, కానీ రికె పరధ్యానంగా థాంక్సమ్మా అనేసింది, అయ్యో, దానికి థాంక్స్ చెప్పకూడదే, చెబితే అంతా తిరగబడుతుందే, అని తను లబలబలాడితే మొగుడు హార్ట్‌మూట్ నవ్వాడు, సరే, ఉమ్మింది మళ్ళీ మింగలేవుగా, పద పద, ట్రామ్ నడిపేవాడి పెళ్ళానికే ట్రామ్ తప్పిపోతే ఊరంతా నవ్విపోతుంది.

మొదలైంది, అప్పుడేనా, వెనక కూర్చున్న వాద్యబృందం వాళ్ళు ఇలా శ్రుతి కదిపారో లేదో రికె అందుకుంది, ఊపిరి పీల్చుకోనివ్వలేదు, గుర్రపుబళ్ళ కాలంలో ఈ ఊళ్ళోనే కట్టాడట ఈ సంగీతాన్ని ఆ మహానుభావుడెవరో, ప్రేమించిన పిల్ల దక్కక రాశాడని కింది వాటా ముసలమ్మ అంటుంది, ఆ మొదటి పాట వింటే నిజమేననిపిస్తుంది, తలుపు దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించే మనిషిలా మొదలై, చూస్తుండగానే పైకి, ఇంకా పైకి, కమాను తీగల మీద తన కుట్టుమిషన్ సూది కంటే జోరుగా, అమ్మో, తెగుతుందేమో, తెగలేదు, గోడ అవతల నుంచి వంటింట్లో ఏడాదిగా వింటున్నదే ఇది, అయినా ఇక్కడ ఇది వేరే పాటలా ఉంది, కింద ఏదో ఉరుముతోంది, పక్కన ఏదో నిట్టూరుస్తోంది, పిల్ల పాట ఆ అలల మీద పడవలా ఎగిరెగిరి పడుతోంది, ఇన్నేళ్ళూ ఏ పరీక్షకి వెళ్ళినా భయంతో బయట వరండాలోనే నిలబడింది తను, లోపలికి రావడం ఇదే మొదలు, వసంతంలో పరీక్షకి కూడా వరండాలోనే ఉంది, ఇదే పాట సగంలో ఆగి, మళ్ళీ అందుకోలేక, రికె తెల్లమొహంతో తలుపు తోసుకుని వచ్చేసింది, మళ్ళీ ఆగానంటే పెట్టెలో పెట్టి మూసేస్తానమ్మా, జన్మలో ముట్టుకోను అంది, అనడమేంటి, అన్నంత పనీ చేస్తుంది, అంతా తండ్రి మొండితనమే.

ఆగింది.

దేవుడా, ఆగింది, వయొలిన్ దించేసింది, సరిగ్గా ఇక్కడే, ఇంట్లో కూడా ఇక్కడే ఆగేది, గదిలో చప్పుడుండదు, నేల మీద బూటు మొన టక్ టక్ మని మాత్రం వినిపిస్తుంది, కింది వాటా ముసలమ్మ చీపురుకర్రతో పైకప్పు పొడుస్తుంది, ఒకరోజు భయమేసి తలుపు తీసి, ఏమ్మా, మర్చిపోయావా అంటే, అబ్బా, ఇప్పుడు వాళ్ళ వంతమ్మా, వాళ్ళు వాయిస్తున్నారు, తలుపు వెయ్యి అని కసిరింది, వాళ్ళెవరు, గదిలో ఖాళీ కుర్చీ తప్ప ఏముంది, పిల్లకి మతి చలించిందని ఆ రాత్రంతా తను దిండు తడిపింది, ఇప్పుడు ఇంతమందిలో, లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేద్దామని సగం లేచింది కూడా, హార్ట్‌మూట్ తన గౌను పట్టి లాగాడు, కూర్చోవే, దాన్ని చూడు, అది చచ్చిపోతున్నట్టుందా నీకు, విను.

విన్నది, అప్పుడు విరుచుకుపడింది, వేదిక నిండా వాళ్ళందరూ ఒక్కసారే, ఇత్తడి బూరలు, డప్పులు, వరసలు వరసలుగా కమానులు, రికె తటపటాయిస్తూ వాయించిన ఆ పాటనే ఊరు ఊరంతా కలిసి గొంతెత్తి పాడినట్టు, కుర్చీ అదిరింది, పక్కావిడ చెవి లోలకులు అదిరాయి, పిల్ల కళ్ళు మూసుకుని వింటోంది, నవ్వుతోంది, గౌను అంచు కింద, మడిచి కుట్టకపోవడమే మంచిదైంది, తెలిసినవాళ్ళకి తప్ప కనబడదు, బూటు మొన, టక్ టక్, అదే, గోడ అవతల అదే, వాళ్ళంటే వీళ్ళా, ఓసి నా తల్లీ, వీళ్ళా, ఆ ఇరుకు గదిలో మంచం మీద, బీరువా మీద, కిటికీ గట్టు మీద వీళ్ళందర్నీ కూర్చోబెట్టుకుని వాయించిందా ఏడాదంతా, ఆనెగ్రెట్ కాలు తనంతట తనే ఆడింది, ఎప్పటినుంచి వచ్చో దానికి ఈ తాళం లెక్క, వంటింట్లో గరిటె కూడా ఈ లెక్కకే తిరిగింది కాబోలు, ఉరుము తగ్గుతోంది, బూరలు తగ్గాయి, వసంతంలో అందుకోలేకపోయింది ఇక్కడే, ఇంకొంచెం, ఇంకొంచెం, తొందరపడకు తల్లీ, ఇప్పుడు, అని తన కాలు నేలని తాకిన ఆ క్షణానే రికె కమాను తీగని తాకింది, పాట లేచింది, బొటనవేళ్ళు పిడికిట్లోంచి ఎప్పుడు జారిపోయాయో తెలియదు, ఇన్నాళ్ళూ పిల్ల ఒంటరిగా ఉందని కదా తను ఏడ్చింది, ఆ గది ఒక్కరోజూ ఖాళీగా లేదు.