తాతగారి పిస్తోలు

ఒహాయోలోని పాత తుపాకుల సంతలో వెర్లిన్ తన జర్మన్ పిస్తోలును ఎత్తి చూపించాడు. "రెండో యుద్ధంలో మా తాత నాజీ ఆఫీసర్ని చంపి తెచ్చాడండీ దీన్ని!"

జనం నోళ్లు వెళ్లబెట్టారు. పక్కనే కూర్చున్న అతని అక్క డార్లీన్‌కు ఒళ్లు మండింది. తాతకు యుద్ధకాలమంతా దేశం దాటకుండానే గడిచింది, కాన్సస్‌లోని సైనిక శిబిరంలో బంగాళాదుంపల తొక్కు తీస్తూ. పిస్తోలేమో వెర్లిన్ నిరుడు వేలంలో కొన్నది.

"ఒరేయ్, తాత చంపింది ఎవర్నిరా? బంగాళాదుంపల్నా?" అంది అందరికీ వినపడేలా.

జనం గొల్లుమన్నారు. వెర్లిన్ మొహం కందగడ్డలా అయింది. "నువ్వూరుకోవే అక్కా!"

డార్లీన్ కోటు తొడుక్కుని బయల్దేరింది. హాలు గుమ్మం దాటకముందే వెనక అతని గొంతు మళ్లీ లేచింది: "తాత కాదులెండి, తాత తమ్ముడు తెచ్చాడు!"

తాతకు తమ్ముళ్లే లేరు. వెనక్కి తిరిగి చూడటం కూడా ఆమెకు దండగనిపించింది.