పెద్ద ట్రే

సన్నటి బ్రష్షును గొట్టంలోకి దూర్చి, అవతలి కొసన తేలేదాకా తోసి, బయటికి లాగి చూశాడు. మళ్ళీ దూర్చాడు. ఆసుపత్రి అడుగు అంతస్తులో, పరికరాలు కడిగే గదిలో ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. అందరూ అతన్ని ‘నిదానం’ అంటారు. ఒక్క కత్తెరకి అరగంట తీసుకునే మనిషికి ఇంకేం పేరు పెడతారు?

ఇవాళ మరీ నిదానించాడు. పైన ఆపరేషను బల్ల మీద ఉన్నది అతని భార్య. సెలవు పెట్టమంటే వినలేదు. ఆమెకి వాడే ప్రతి పరికరమూ నిన్న తానే కడిగి, ఆవిరిలో పెట్టి, సీలు వేసి పంపాడు. ఇప్పుడు చేతులు ఊరుకోక మిగతావి కడుగుతున్నాడు.

ఆమె జీర్ణాశయంలో కణితి. పాకకపోతే నాలుగు చిన్న రంధ్రాల్లోంచే తీసేస్తామన్నాడు డాక్టరు. కుదరకపోతే పొట్ట కోస్తారు. పాకి ఉంటే మాత్రం ముట్టుకుని లాభం లేదు. చొక్కాల దుకాణంలో కాజాలు కుట్టే మనిషి ఆమె.

“కాజా అంత చిల్లులేనటండీ. మీవాళ్ళకి చేతకాకపోతే నేనే కుట్టుకుంటా,” అంది పొద్దున, స్ట్రెచరు మీదే. అతనికి నవ్వు రాలేదు.

పొట్ట కోయాల్సొస్తే వాడే పెద్ద ట్రే కూడా పైనే ఉంది. మూడు గంటలు పడుతుందన్నారు. గంట తిరక్కుండానే ట్రాలీ కిందికి దిగింది. దాన్ని తోసుకొచ్చినావిడ ముఖం వెలిగిపోతోంది.

“అన్నా, పెద్ద ట్రే సీలు కూడా తియ్యలేదు! వదిన గట్టిది!”

“ఊఁ,” అన్నాడు.

అతని చూపు ట్రాలీ కింది అరలో ఆగిపోయింది. కోసిన కణితిని చిన్న రంధ్రంలోంచి బయటికి లాగడానికి ఒక పల్చటి సంచి ఉంటుంది. అది కవరు చించకుండానే తిరిగొచ్చింది. కెమెరా గొట్టానికి, ఒక్క పట్టకారుకి తప్ప దేనికీ రక్తం అంటలేదు. లోపలికి చూశారు. చూసి, మూసేశారు.

ఆవిడ సంతోషం పాడుచెయ్యలేదు. ఆ పట్టకారును మాత్రం చన్నీళ్ళ కింద పట్టి, పసిబిడ్డ వేళ్ళు కడిగినంత మెల్లగా కడిగాడు. తర్వాత ఏప్రను విప్పేసి పైకి వెళ్ళాడు.

ఆమె కళ్ళు తెరిచేసరికి మంచం పక్కనే ఉన్నాడు.

“పెద్ద కోత పడిందా?”

“లేదు.”

“మరి ఏడుస్తారేం, పిచ్చి మనిషి!” అంది. కాసేపు అతని ముఖమే చూసింది. “తియ్యలేదు కదూ?”

“లేదు.”

“సరే. ఇంటికి తీసుకెళ్ళండి,” అని అతని చల్లటి వేళ్ళని తన గుప్పిట్లోకి తీసుకుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆమె మీద ఇంత ప్రేమ తనకెప్పుడూ పొంగలేదనిపించింది అతనికి. నాలుగు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, అతని ఒళ్ళో తల పెట్టుకునే వెళ్ళిపోయింది.

ఆపరేషనైన రోజు మాత్రం, ఆమె మళ్ళీ నిద్రపోయాక కిందికి దిగాడు. సీలు చెడని సంచి ఇంకొకరికి పనికొస్తుంది. కవరు నాలుగంచులూ వేలితో తడిమి అల్మరా తెరిచాడు. ముందు వరసలో, రేపు ఎవరికోసం చెయ్యి చాచినా మొదట తగిలేచోట, ఆ సంచిని పెట్టాడు.