కళ్లంలో కట్టిన ఊరు

ప్రత్తిపాడులో దేవకుమారి కుట్టు షాపు తెలియని ఆడవాళ్లు లేరు. జాకెట్టు గుడ్డ చేతిలో పెడితే చెప్పిన రోజుకి కుట్టి ఇస్తుందని ఆమెకి పేరు. ఈమధ్య ఆ పేరుకి కాస్త మచ్చ పడింది. మధ్యాహ్నం పూట ఎవరైనా షాపులోకి తొంగిచూస్తే మిషను ఆగిపోయి ఉంటుంది, దేవకుమారి మెడ వంచుకుని ఫోనులో మ్యాపు గీస్తూ ఉంటుంది.

ఆ పిచ్చి అంటించింది చెల్లెలి కూతురు జెస్సీ. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు పెదనాన్న, అంటే దేవకుమారి భర్త జోసఫ్, ఇంట్లో అడుగు పెడుతూనే ఫోనుని తిట్టడం విన్నది. జోసఫ్‌కి ట్రాలీ ఆటో ఉంది. రైతుల మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, గుంటూరు మిర్చి యార్డుకి తోలుతాడు. ఆ రోజు ఫోను చూపించిన దారిన పోతే అది పత్తి చేలోకి తీసుకెళ్లి వదిలేసింది. నిండు లోడుతో బండి వెనక్కి తిప్పుకునేసరికి ప్రాణం పోయి వచ్చిందట.

"తప్పుంటే మనమే దిద్దుకునే మ్యాపు ఒకటుంది పెదనాన్నా" అంది జెస్సీ.

"మనం దిద్దితే ఆ కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

"దానికి కంపెనీ లేదు. దేశదేశాల్లో జనం ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుని గీస్తుంటారు. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. డబ్బులు కట్టేది లేదు."

"జీతం?"

"అదీ లేదు."

"బాగుంది" అని జోసఫ్ దుప్పటి కప్పుకున్నాడు. దేవకుమారి మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మ మీద రోడ్డు వెంబడి వేలితో గీత లాగడం ఆమెకి కొత్తగా అనిపించలేదు. గుడ్డ మీద సుద్దగీత గీసి దాని వెంట కత్తెర పోనిచ్చిన చెయ్యి అది. మొదట తమ చర్చిని పెట్టింది. తర్వాత బస్టాండు, బడి, కోల్డు స్టోరేజీలు. ఆ తర్వాత పొలాల్లోకి పోయే డొంకలు ఒక్కోటీ. తను గీసిన గీత కాసేపట్లో ప్రపంచమంతా చూసే మ్యాపులో కనబడుతుంటే, పెళ్లిలో తను కుట్టిన జాకెట్టు వేసుకున్న పిల్లని చూసినట్టు ఉండేది. జీతం లేని పని అని నవ్విన జోసఫే కొన్నాళ్లకి దారిలో బండి ఆపి ఫోను చేయడం మొదలుపెట్టాడు. "చప్టా మీద ఉన్నానే. ఇక్కడి నుంచి ఎడమ డొంకకి లారీ పట్టదు, రాసుకో."

ఇలా ఉండగా ఫిబ్రవరిలో ఒక రోజు దేవకుమారి మ్యాపు తెరిచి చూస్తే, ఊరికి తూర్పున చేల మధ్య కొత్త ఊరొకటి వెలిసి ఉంది. వరసలు వరసలుగా ఇళ్లు. గీసింది చైతన్యకృష్ణ అనే అతను. శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం, సాయంత్రాలు కూర్చుని వేరే జిల్లాలకి కూడా ఇళ్లు గీసిపెడుతుంటాడు. గుంటూరు మొహం చూసినవాడు కాదు. దేవకుమారికి నవ్వాగలేదు. అవి ఇళ్లు కావు. కోసిన మిరపకాయలు ఎండబోసిన కళ్లాలు. పైనుంచి చూస్తే ఎర్రగా, నలుపలకలుగా, అచ్చం పెంకుటిళ్లలా ఉన్నాయి.

అన్నీ చెరిపేసి, "ఇవి ఇళ్లు కావండి, మిరప కళ్లాలు" అని రాసింది.

మర్నాటికి అన్నీ మళ్లీ ఉన్నాయి. కింద అతని జవాబు: "అమ్మా, ఎర్ర పైకప్పులు స్పష్టంగా కనబడుతున్నాయి. మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా?"

ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ దేవకుమారి ఊరుకోలేదు. "ఆధారమట! ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి ముసలిదాన్నవుతున్నా. నేనే ఆధారం!"

"అతనికేం తెలుసు పాపం. ఫోటోలు తీసి పెట్టరాదూ? రేపు నేను అటే పోతున్నా" అన్నాడు జోసఫ్.

మర్నాడు షాపుకి తాళం వేసి ట్రాలీలో ముందు కూర్చుంది. కళ్లాల దగ్గర పట్టల మీద కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆడవాళ్లు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నారు. కళ్లం రైతు అంకమ్మరావు సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా కళ్లంలో ఊరు కట్టారా? నాకు చెప్పకుండానే? రేపు పంచాయతీ వాళ్లొచ్చి ఇంటిపన్ను అడిగితే ఆ శ్రీకాకుళం ఆయన్ని పంపుతా!" అని, కాయల మధ్య నిలబడి తనే ఫోటో తీయించుకున్నాడు.

తిరిగి బండెక్కబోతూ జోసఫ్ వాగువైపు చెయ్యి చూపించాడు. "ఆ చివర కూడా ఎర్రగా ఉంది. అదీ ఫోటో తీసెయ్యి, పని అయిపోతుంది."

దేవకుమారి కన్నెత్తి చూసి అలాగే నిలబడిపోయింది. వాగు అవతల దిబ్బ మీద ఉన్నవి కాయలు కావు. ఎర్ర రంగు రేకులు. రేకుల కింద గోడలు. గోడల మీద ఆరేసిన బట్టలు. షాపులో కూర్చుని కళ్లాలతోపాటు వాటినీ ఒక్క ఊపున చెరిపేసింది తనే. 

వాగులో నీళ్లు మడమల దాకానే ఉన్నాయి. చెప్పులు చేత పట్టుకుని దాటారు. పున్నమ్మ అనే పెద్దావిడ నులకమంచం వాల్చి కూర్చోమంది. వాళ్లది కర్నూలు వైపట. మిరప కోతలకి వచ్చి, ఆ తర్వాత పత్తి తీతలకి ఆగి, ఇక వెనక్కి పోలేదు.

"ఎవురొచ్చినా రోడ్డు మీదికి మనిషిని పంపాల తల్లీ. గ్యాసు బండికైనా అంతే, సూదులేసే నర్సమ్మకైనా అంతే. ఫోన్లో చుక్క పంపిస్తాడు మావోడు. ఆ చుక్క కనబడుతుందంట గానీ దారి కనబడదంట. వాగు ఒడ్డున నిలబడి కేకేసి ఎనక్కి పోతారు."

"మరి ట్రాక్టరు ఎట్టా వస్తుంది?" అడిగాడు జోసఫ్.

"పైన రాళ్లు పరిచిన రేవుంది కదన్నా. తెలిసినోళ్లు అట్టా వస్తారు."

జోసఫ్ ఆ రేవు దాకా నడిచి, వాగు దాటి, మళ్లీ రోడ్డు దాకా పోయి వచ్చాడు. అతని జేబులోని ఫోను ఆ దారినంతా గుర్తు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక దేవకుమారి ఆ దారిని మ్యాపులో గీసి, ఫోటోలన్నీ పెట్టి, చాలాసేపు ఆలోచించి ఇలా రాసింది: "కళ్లాలు కళ్లాలే, చూడండి. కానీ వాగు అవతల మీరు గీసిన ఇళ్లు నిజం. నేను చూడకుండా చెరిపాను. వాటిని మాత్రం ఉంచండి."

జవాబు వెంటనే వచ్చింది. "అమ్మా, నేను మిరపకాయల మీద గోడలు కట్టాను. మీరు ఇంకా మర్యాదగా మాట్లాడుతున్నారు. కళ్లాలు ఇప్పుడే తీసేస్తున్నాను. ఆ చోటు పేరేమిటి?"

పేరు అడగడం మరిచిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక, ఊరొచ్చిన జెస్సీని వెంటేసుకుని మళ్లీ వెళ్లింది. మీ ఊరి పేరేమిటంటే దిబ్బ మీద జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను ఏదో దేవుడి పేరు పెట్టమన్నాడు. కుర్రాళ్లు సినిమా హీరో పేరన్నారు. ఇంకొకాయన "మీరే మంచిది చూసి పెట్టండమ్మా" అన్నాడు.

"మేం పెట్టకూడదు బాబాయ్. మీరు ఏమని పిలుచుకుంటే అదే రాయాలి" అంది జెస్సీ.

"మీ వాళ్లు ఫోను చేసి ఎక్కడున్నారని అడిగితే ఏమంటారు?" అంది దేవకుమారి.

పున్నమ్మ ఆలోచించకుండా, "కొత్తదిబ్బ మీద ఉండామంటాం" అంది.

అందరూ అవునవునన్నారు. దేవకుమారి అక్కడే నిలబడి కొత్తదిబ్బ అని రాసింది. పిల్లలు ఆమె భుజాల మీదుగా ఫోనులోకి తొంగిచూశారు. ఇల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూపించుకుంటూ, నాది ఇది, నాది ఇది అని తోసుకున్నారు.

నెల తిరక్కుండా పున్నమ్మ మనవడి చేత ఫోను చేయించింది. నర్సమ్మ స్కూటీ మీద, మనిషిని పంపకుండా, రేవు మీదుగా నేరుగా గుమ్మంలోకి వచ్చిందని చెప్పింది. "ఏడ దిగాలో ఆమెకే తెలుసు తల్లీ!" అంటూ ఆ ముసలామె ఆశ్చర్యపోతుంటే, ఆ సంతోషంలో దేవకుమారికి ఆ పూట ఆకలి వేయలేదు.

ఏప్రిల్లో జెస్సీ వాళ్లు గుంటూరులో మ్యాపులు గీసేవాళ్లందర్నీ ఒకచోట కలిపారు. శ్రీకాకుళం నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని చైతన్యకృష్ణ వచ్చాడు. సన్నగా, కళ్లజోడుతో, దేవకుమారి అనుకున్నదానికన్నా చిన్నవాడు. "కళ్లం చూడాలండి" అన్నదే అతని మొదటి మాట. జోసఫ్ ట్రాలీలో ఎక్కించుకుని తీసుకొచ్చారు. ఆఖరి కోత కాయలు ఇంకా పట్టల మీదే ఉన్నాయి. గట్టు మీద నిలబడి, "అయ్యబాబోయ్, ఇంత ఎరుపా!" అన్నాడో లేదో తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మి తుమ్మి కళ్లజోడు కింద పడేసుకున్నాడు. అంకమ్మరావు నీళ్లచెంబు తెప్పించి, "ఇంకో ఊరు కట్టేముందు ఒక్క ఫోను చెయ్యండి సార్" అన్నాడు. కళ్లంలో ఉన్నవాళ్లంతా నవ్వారు, అతనూ నవ్వాడు.

అక్కడి నుంచి రేవు దాటి కొత్తదిబ్బకి వెళ్లారు. తను దూరం నుంచి గీసిన ఇళ్లని చైతన్యకృష్ణ ఒక్కొక్కటీ తిరిగి చూశాడు. ఒక గోడని చేత్తో తాకాడు. చివరి ఇంటి పక్కన పచ్చి ఇటుకలతో లేచిన కొట్టం చూసి ఆగాడు.

"ఇది మ్యాపులో లేదే?"

"మొన్ననే లేసింది నాయనా. కోడలికి నెలలు నిండినాయి, నీళ్లాడే దినాలు. ఇల్లు సాలదని" అంది పున్నమ్మ.

చైతన్యకృష్ణ ఫోను తీసి దేవకుమారి వైపు చాపాడు. "మీరు గీయండమ్మా."

"ఎదురుగా నిలబడి గీయడం నీకు ఇదే మొదటిసారి కదా, నువ్వే గీయి" అంది దేవకుమారి.

అతను కొట్టం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, నాలుగు మూలలూ జాగ్రత్తగా పెట్టాడు. ఈలోగా పున్నమ్మ గ్లాసుల్లో టీ పోసి తెచ్చింది.