బౌరా మీద చెప్పే కథ

ఉత్తర ధ్రువం దరిదాపుల్లో ఉన్న మా రేవులో టూరిస్టులకి తిమింగలాలు చూపించే కంపెనీలు రెండున్నాయి. ఒకటి సిగ్వల్దిది, రెండోది బెర్గుర్‌ది. పదమూడేళ్లు నేను బెర్గుర్ టికెట్ గదిలో కూర్చున్నాను. ఏ పడవ ఎక్కితే మంచిదని రోజుకి నలభై మంది అడిగేవాళ్లు. నడుం నొప్పి ఉన్నవాళ్లని రబ్బరు పడవల జోలికి పోవద్దనేదాన్ని. ఒళ్లు హూనమైనా పరవాలేదు, వేగం కావాలనే కుర్రాళ్లని వాటి దగ్గరికే పంపేదాన్ని. తిమింగలం కచ్చితంగా కనబడుతుందా అని అడిగితే, అది మా దగ్గర జీతానికి లేదనేదాన్ని. మిగతావాళ్లందరికీ బౌరా టికెట్ ఇచ్చేదాన్ని. బౌరా అంటే మా భాషలో అల. ముప్పై ఏళ్లకి పైగా చేపలు పట్టిన ఓక్ చెక్క పడవ. ఒకప్పుడు అది మా నాన్నది.

నాన్న పేరు ఏవిందుర్. ఆ జూన్‌లో ఆయనకి ఎనభై నాలుగు నిండాయి. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. ఒక రోజు పొద్దున ఎండుచేప మీద వెన్న రాసుకుంటూ అన్నాడు.

"బేరా, నాకో టికెట్ కొట్టు."

నా పేరు హల్బెరా. బేరా అని ఆయనొక్కడే పిలిచేవాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఎక్కడికేంటి? తిమింగలాల దగ్గరికి."

నాకు నవ్వొచ్చింది. సముద్రం మీదికి వెళ్లి ఉత్త చేతుల్తో తిరిగి రావడానికి డబ్బులిచ్చే వెర్రివాళ్లు ఈ కాలంలోనే పుట్టారని వెక్కిరించిన మనిషి.

"తిమింగలం పాడుగాను, అదెవడికి కావాలి? నా చూపు క్రిస్మస్ దాకానే అని కళ్ల డాక్టరు అన్నాడుగా. ఈలోపు ఒక్కసారి నీళ్ల మీంచి మన కొండల్ని చూసుకోవాలి. ఒడ్డున కూర్చుని చూసింది చాలు."

"అయితే సిగ్వల్ది దగ్గర కొత్త పడవుంది నాన్నా. బ్యాటరీతో నడుస్తుంది, చప్పుడుండదు. లోపల వెచ్చగా ఉంటుంది, మెత్తటి సీట్లు. నీ తుంటికి అదే మంచిది."

నాన్న కత్తి కింద పెట్టాడు. "సిగ్వల్ది పడవా? వాడి అబ్బ నా పడవ వెనకాలే వచ్చేవాడు, చేపలెక్కడున్నాయో తెలీక. నా బౌరాని అక్కడ పెట్టుకుని వాడి కొడుకు పడవెక్కాలా?"

"అది నీది కాదు కదా ఇప్పుడు."

"కాయితాల మీద కాదులే."

"చెక్క బెంచీల మీద మూడు గంటలు కూర్చోలేవు."

"ముప్పై ఏళ్లు నిలబడ్డాను దాని మీద. కూర్చోలేనా?" అని నా మొహంలోకి చూశాడు. "నీకు నామోషీగా ఉందా, అమ్మాయ్? ముసలోడు నీ ఆఫీసు వాళ్ల ముందు ఏదో వాగుతాడనా?"

"అదేం కాదు."

"అయితే కొట్టు టికెట్."

నామోషీ కాదు, భయం. దానికి కారణం చెప్పాలంటే మా అన్న సంగతి చెప్పాలి.

అన్న పేరు స్టెయినార్. నాకు పందొమ్మిదేళ్లప్పుడు, నవంబరులో, బౌరా మీంచి సముద్రంలో పడి చనిపోయాడు. వాడికి ఇరవై రెండు. ఆ రోజు మధ్యాహ్నానికే గాలి మారింది. మిగతా పడవలన్నీ వెనక్కి తిరిగాయి. నాన్న తిరగలేదు. గాలాల తాళ్లు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి, లాగి వస్తానని రేడియోలో చెప్పాడట. చీకటి పడ్డాక బౌరా ఒక మనిషి తక్కువగా రేవుకొచ్చింది. శవం దొరకలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవ్వరం మాట్లాడలేదు. అమ్మ అడక్కుండానే పోయింది. నేనూ అడగలేదు. కాఫీ పోశాను, బట్టలు ఉతికాను, తుంటి ఆపరేషన్ అయితే చెయ్యి పట్టి నడిపించాను. అడగడం ఒక్కటే చెయ్యలేదు.

తర్వాత నాన్న చేపలు పట్టడానికి తనకున్న హక్కు వాటా అమ్మేశాడు. పడవని బెర్గుర్ కొని, బెంచీలు వేసి, రంగు కొట్టించాడు. నేను పనిలో చేరిన ఏడాదే ఆయన, "ఈ పడవకో చరిత్ర ఉంటుంది కదా హల్బెరా, ఒక పేజీ రాసివ్వు. టూరిస్టులకి ఇలాంటివి ఇష్టం," అన్నాడు. ఆ ఆదివారం వంటింట్లో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. చెయ్యి ఆగలేదు. అందరూ తిరిగారు, మా నాన్న తిరగలేదు అని రాశాను. రెండు తాళ్ల చేపలు కన్నకొడుకు కంటే ఎక్కువయ్యాయి అని రాశాను. నాన్న పక్క గదిలో రేడియోలో వాతావరణం వింటున్నాడు.

బెర్గుర్ దానికి కాస్త ఉప్పూ కారం అద్దాడు. ఆ కుర్రాడు పడ్డ చోట ప్రతి వేసవీ ఒక తిమింగలం పైకొస్తుందని తనే కల్పించాడు. ఇక పడవ అక్కడికి చేరినప్పుడల్లా గైడు మైకులో ఆ కథ ఇంగ్లీషులో చెప్పేది. దురాశపరుడైన కెప్టెన్ కథ విని ఏడుపొచ్చిందని జనం ఇంటర్నెట్‌లో రాసేవాళ్లు. అవి నేను టికెట్ గదిలో చదివేదాన్ని. నిజం చెప్పాలంటే, ముక్కూమొహం తెలియని వాళ్లు మా నాన్నని తిడుతుంటే నాలో ఎక్కడో ఒక మూల చల్లగా ఉండేది. సాయంత్రం ఇంటికెళ్లి ఆయనకి చేపల పులుసు వేడి చేసి పెట్టేదాన్ని.

మర్నాడు బెర్గుర్ దగ్గరికి వెళ్లాను.

"గురువారం మధ్యాహ్నం మా నాన్న వస్తున్నాడు. ఆ కథ వద్దు."

"ఆయనకి ఇంగ్లీషొచ్చా?"

"చేపలమ్మడానికి ఇంగ్లీషు వాళ్ల రేవు గ్రిమ్స్‌బీ వెళ్లేవాడు. తిట్లూ బేరాలే కాదు, చాలానే వచ్చు."

"సరేలే. లియోనీకి చెప్తాను. ఒక్క ట్రిప్పేగా, కొంపలేం మునగవు."

లియోనీ జర్మనీ పిల్ల. వేసవిలో వచ్చి గైడుగా చేస్తుంది. తిమింగలాల గురించి ఎంతో తెలుసు, మా ఊరి మనుషుల గురించి ఏమీ తెలియదు. గురువారం గట్టు మీద మళ్లీ బెర్గుర్‌ని అడిగాను. "చెప్పానన్నానుగా తల్లీ," అని విసుక్కుని పెద్ద ఓడ నుంచి దిగిన గుంపు వైపు వెళ్లిపోయాడు. లియోనీని నేనే పక్కకి పిలిచి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. ఎందుకు వద్దంటున్నావని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

నాన్న ఆ రోజు గడ్డం గీసుకున్నాడు. అందరితోపాటు చలికి ఒళ్లంతా కప్పే ఎర్ర ఓవరాల్ తొడుక్కోమంటే, "సంచిలో పిల్లిలా ఉంటాను," అని గొణుగుతూనే తొడుక్కున్నాడు. మెట్ల దగ్గర ఎవరో చెయ్యందిస్తే పట్టుకోలేదు. డెక్ మీద కాలు పెట్టగానే రెండు చేతులూ కొయ్య మీద ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. "రంగు మరీ మందంగా కొట్టారు. చెక్కకి ఊపిరాడొద్దూ," అన్నాడు. గొంతులో కోపం లేదు.

నేనూ ఆ పూట సెలవు పెట్టి వెంట వెళ్లాను. మొదటి గంటంతా నాన్న నాకు అన్న పోకముందటి మనిషిలా కనిపించాడు. ఎదురుగా ఉన్న కొండల్ని వేలితో చూపిస్తూ పేర్లు చెప్పాడు. ఏ కొండ ఏ గుడిసెకి సూటిగా వస్తే కింద కాడ్ చేపలుంటాయో చెప్పాడు. వెనక కూర్చున్న హాలండ్ దంపతులు ఆసక్తిగా చూస్తుంటే, వచ్చిన ఇంగ్లీషులో వాళ్లకీ చెప్పాడు. ఆవిడ తన బిస్కెట్లు పెట్టింది. "చూశావా, గైడు కంటే నాకే గిరాకీ," అని నా మోచేతిని పొడిచాడు. అంత కులాసాగా ఆయన్ని చూసి ఎన్నేళ్లయిందో.

తిమింగలాలు మాత్రం రాలేదు. గంటన్నర గడిచింది. ఉత్తరపు గాలికి జనం బిగుసుకుపోయారు. ఒక పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, ఒకాయన డబ్బులు వాపసిస్తారా అని అడిగాడు. నాన్నకి కాఫీ తెద్దామని నేను కిందికి దిగాను. రెండు కప్పులూ చేతిలో ఉండగా నెత్తి మీద స్పీకరులో లియోనీ గొంతు వినబడింది. "ఇప్పుడు మనం ఉన్న చోటుకి ఒక విషాద కథ ఉంది..."

కప్పులు అక్కడే పెట్టి మెట్లెక్కాను. మెట్లు ఎనిమిదే. కానీ జనం అడ్డంగా నిలబడి వింటున్నారు. పక్కకి తప్పుకోమంటే, ష్ అని నోటి మీద వేలు పెట్టారు. నేను లియోనీని చేరేసరికి కథలో స్టెయినార్ నీళ్లలో పడిపోయాడు. రెండు తాళ్ల చేపలు, కన్నకొడుకు, దురాశ, అన్నీ అయిపోయాయి. నేను రాసిన మాటలు రాసినట్టే ఉన్నాయి.

"చెప్పొద్దని బెర్గుర్ నీకు చెప్పలేదా?" అన్నాను.

లియోనీ బిత్తరపోయింది. "టూకీగా చెప్పమన్నారు. పడవలో పెద్దాయన ఒకరుంటారు, లాగొద్దన్నారు. టూకీగానే చెప్పాను."

ఆ క్షణంలోనే కుడి వైపు నీళ్లు చీలాయి. మూపురపు తిమింగలం నల్లటి వీపు వంచి ఊపిరి వదిలింది. కథ నిజమైపోయిందని జనం కేకలు వేశారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టింది. అందరూ కుడి వైపుకి పరిగెత్తారు. ఎడమ వైపు బెంచీ మీద నాన్న ఒక్కడే మిగిలాడు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కొండల వైపు కూడా చూడడం లేదు, మోకాళ్ల మీదున్న చేతుల్ని చూసుకుంటున్నాడు.

"ఎవరు రాశారది?" అన్నాడు.

బెర్గుర్ అని చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది.

"నేనే."

తిమింగలం తోక లేపినట్టుంది, అటు వైపు మళ్లీ అరుపులు.

"రెండు తాళ్లన్నావు."

"అవును."

"మూడు," అన్నాడు. "రెండు కాదు, మూడు."

నేను ఆయన వైపు తిరిగాను.

"మిగతాది నిజమే. నేను తిరగలేదు, వాడు పోయాడు. నువ్వు అబద్ధం రాయలేదు." అప్పుడు నా వైపు తిరిగాడు. "ముప్పై ఒక్కేళ్లు ఒకే బల్ల మీద తిన్నాం బేరా. నా మొహం మీద అడిగుంటే పడేవాణ్ణి. కొట్టినా పడేవాణ్ణి. నన్నొదిలేసి, టికెట్ కొన్నవాళ్లకి చెప్పావు."

"నువ్వెందుకు చెప్పలేదు మరి?"

"నువ్వు అడుగుతావని భయమేసేది. పొద్దుపోయేసరికి, ఇవాళా అడగలేదే అనిపించేది."

హాలండ్ ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చి, తిమింగలం అటు వైపుంది రండని నాన్న చెయ్యి పట్టుకుంది. నాన్న మర్యాదగా ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

జులైలో ఆయనే వృద్ధాశ్రమానికి ఫోన్ చేసి గది మాట్లాడుకున్నాడు. వద్దని బతిమాలాను. "అక్కడ వేళకి కాఫీ ఇస్తారట," అన్నాడు. పెట్టెలు నేనే సర్దాను.

బెర్గుర్‌తో గొడవ పడ్డాను. "ఆ కథ తీసెయ్యి," అన్నాను.

"కథ నువ్విచ్చిందే కదా. ఇన్నేళ్లు గుర్తు రాలేదా నీకు, ఆయన మీ నాన్న అని?" అన్నాడు. కావాలంటే పేర్లు తీసేస్తానన్నాడు. పని మానేసి బడి వంటింట్లో చేరాను. ఆగస్టులో సిగ్వల్ది బజారులో కనబడి, అడగకూడదు గానీ అంటూనే, మీ నాన్న పడవలో నిజంగా ఏడ్చాడా అని అడిగాడు. బౌరా మీద కథ ఇప్పుడు ఇంకా పెరిగిందట. ఎనభై నాలుగేళ్ల కెప్టెన్ తిరిగొచ్చి, ఇదిగో ఈ బెంచీ మీదే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడని చెబుతున్నారట. నాన్న ఏడవలేదు. అది నాకు తెలుసు, ఆయన పక్కన కూర్చున్నది నేనే.

నవంబరుకే నాన్న కళ్లు పోయాయి. ఆదివారాలు వెళ్లేదాన్ని. గాలి ఎటుందని అడిగేవాడు, చెప్పేదాన్ని. తుంటి ఎలా ఉందని అడిగేదాన్ని, ఉందనేవాడు. జనవరిలో ఒక ఆదివారం తెగించి అడిగేశాను.

"ఆ రోజు ఎందుకు తిరగలేదు నాన్నా?"

చూపు లేని కళ్లతో నా గొంతు వినబడ్డ వైపు తిరిగాడు. చెబుతాడనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా.

"ఇది కూడా వాళ్లకి చెప్తావా?" అన్నాడు.

చెప్పనన్నాను. ఒట్టేశాను. ఏడ్చాను. ఆయన దుప్పటి భుజాల మీదికి లాక్కుని, చలిగా ఉంది, కిటికీ వెయ్యమన్నాడు. కిటికీ వేసే ఉంది.

ఫిబ్రవరిలో నిద్రలోనే పోయాడు. చర్చి నుంచి వచ్చాక ఇంట్లో అందరికీ కాఫీ, కేకు పెట్టాను. బెర్గుర్ కూడా వచ్చాడు. నల్ల కోటు వేసుకుని, మర్యాదగా తల వంచి, రెండు ముక్కలు తిన్నాడు. వెళ్లేముందు నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"మీ నాన్న వయసులో ఉన్నప్పటి ఫొటో ఏదైనా ఉంటే ఇస్తావా? పడవలో పెట్టిస్తాను. గౌరవంగానే."

"మా ఇంట్లో ఫొటోలు లేవు," అన్నాను.

ఆయన వెనక అలమరలో మూడు ఆల్బములున్నాయి. అటొకసారి చూసి, సరేనని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.